సున్నిపిండిలో నిమ్మకాయ

రాజమండ్రి ఎండల గురించి రాజమండ్రి వాళ్ళకి చెప్పనక్కర్లేదు, పై ఊరివాళ్ళకి చెప్పినా నమ్మరు. "గోదావరి పక్కనే కదండీ, చల్లగానే ఉంటుందేమో!" అంటారు అమాయకంగా. గోదావరి ఉంది, కాదనను. కాని మే నెల వచ్చేసరికి ఆవిడా మాలాగే చిక్కి సగమై లంకల మధ్య ఒత్తిగిలి పడుకుంటుంది. ఆవిడే లేవలేని స్థితిలో ఉంటే ఇహ మాకేం చల్లదనం ఇస్తుంది? పగలు నలభై నాలుగు, నలభై అయిదు డిగ్రీలు. పడమటిగాలి కొట్టిందంటే కట్టెలపొయ్యి ఎదురుగా కూర్చున్నట్టే.

పోనీ ధవళేశ్వరం ఆనకట్ట దాటి కోనసీమలోకి దిగుదామా అంటే, అక్కడ ఎండ కాస్త తగ్గుతుంది, ఉక్క పదింతలవుతుంది. కొబ్బరిచెట్ల నీడ ఉంటుంది గాని ఆకు కదలదు. చెమట పడుతుంది గాని ఆరదు. రాజమండ్రిలో మనిషి వేగుతాడు, అమలాపురంలో ఉడుకుతాడు. రెండు వంటలూ అనుభవించినదాన్ని కనక ధైర్యంగా చెప్తున్నాను. నా పుట్టిల్లు అంబాజీపేట దగ్గర, మెట్టినిల్లు రాజమండ్రి.

ఇప్పుడు కోనసీమ వేరే జిల్లా అయింది, 2022లో. రాజమండ్రి పేరు కూడా 2015లో రాజమహేంద్రవరంగా మారింది. పేర్లూ సరిహద్దులూ మారినా చెమటకాయలు మాత్రం రెండు జిల్లాల్లోనూ ఒకలాగే లేస్తాయి.

మా అమ్మమ్మ, ఉగాది పచ్చడి గిన్నె కడిగి బోర్లించిన మర్నాటి నించీ వేసవి ఏర్పాట్లు మొదలుపెట్టేది. ఆవకాయకి జాడీలు, వడియాలకి పాత పంచెలు, మనవలకి సున్నిపిండి. ఈ మూడూ ఆవిడ దృష్టిలో ఒకే హోదా గల పనులు. వేసవి సెలవలకి పదకొండుమందిమి దిగేవాళ్ళం. డెల్టాలో వేసవిలో కాలవలు కట్టేస్తారు కదా, అంచేత కాలవ స్నానాలు లేవు. నూతి చప్టా మీద వరసగా కూర్చోబెట్టి ఒకరి తరవాత ఒకరికి నలుగు పెట్టవలసిందే. అంతమందికి రెండు నెలలపాటు సరిపడాలంటే మాటలా? అదొక యజ్ఞం.

పెసలు రెండు మానికలు, సెనగపప్పు ఒక మానిక, గుప్పెడు పాతబియ్యం. ఇది పిండికి. పరిమళానికి కచ్చూరాలు, తుంగముస్తెలు, ఎండిన గులాబి రేకులు. చలవకి వట్టివేళ్ళు. పసుపుకొమ్ములు మూడంటే మూడు. "నాలుగో కొమ్ము వేశావంటే తువ్వాళ్ళు చాకలి కూడా బాగుచెయ్యలేడు" అనేది. తుంగముస్తెలు కొనే పనే లేదు. చేలగట్ల మీద పిచ్చిగడ్డిలా పెరిగే తుంగని పీకి, వేళ్ళకుండే నల్లటి గడ్డలు ఏరి తెచ్చే ఉద్యోగం పిల్లలదే. జీతం, మనిషికో తాటిముంజ.

అన్నీ నీడపట్టున ఆరాలి. పప్పులకి ఎండ ఫరవాలేదు గాని గులాబి రేకులూ వట్టివేళ్ళూ ఎండలో పెడితే ఒప్పుకునేది కాదు. "వాసన ఎండ పట్టుకుపోతే, మీ ఒంటికి ఏం మిగులుతుందే?" అనేది. ఆ తరవాత పిండిమర. మరలో ఆడించడానికి ఒక శాస్త్రం ఉంది. ముందుగా గుప్పెడు బియ్యం పోసి, మర కడుపు శుభ్రం చేసి, అప్పుడు మన పిండి వెయ్యాలి. ఎందుకంటే అది కొత్తకారాల కాలం. మీ ముందు ఎవరు మిరపకాయలు పట్టించుకుని వెళ్ళారో ఎవరికి తెలుసు?

ఓ ఏడు మా చిన్నమామయ్య ఈ శాస్త్రాన్ని చాదస్తం అన్నాడు. "ఆయ్, ఇప్పుడే కారం పట్టానండి, ఓ గుప్పెడు బియ్యం పోసి తీసెయ్యనాండి?" అని మర అతను అడిగితే, "అక్కర్లేదులే, తొందరగా కానీ" అన్నాట్ట. దేవుడున్నాడనడానికి నిదర్శనం ఏమిటంటే, ఆ పిండి మొట్టమొదట పూసుకున్నది కూడా ఆయనే. ఆ రోజు నూతిలో నీళ్ళు ఎంత కిందికి దిగాయో కొలవలేదు గాని, ఆయన మాత్రం రెండు రోజులు చొక్కా వెయ్యలేదు.

మరనించి వచ్చాక పిండిని వస్త్రకాళితం పట్టేది అమ్మమ్మ. పాత మల్లుపంచెలో పోసి, గిన్నె మూతికి బిగించి, మెల్లిగా వేళ్ళతో అలికినట్టు రాస్తే కిందికి దిగేది మొహానికి. పైన మిగిలిన బరక కాళ్ళకీ చేతులకీ. బరక మొహానికి రుద్దితే కంటికి కనపడని గీతలు పడి మండుతుందని ఆవిడ చర్మశాస్త్రం చదవకుండానే చెప్పింది. ఆ మెత్తటి పిండిని మజ్జిగతోనో, చల్లారిన గంజితోనో కలిపి పెట్టేది. సబ్బులో క్షారగుణం ఎక్కువ, ఒంటి మీద సహజంగా ఉండే కాస్త జిడ్డునీ ఊడ్చేస్తుంది. పెసరపిండి అంత కఠినురాలు కాదు, అదనపు జిడ్డుని పీల్చుకుని ఊరుకుంటుంది.

అలాగని ఇంట్లో సబ్బు లేదనుకునేరు. ఉంది, బీరువాలో చీరల మధ్య. 1916లో మైసూరు మహారాజు బెంగుళూరులో పెట్టించిన ఫ్యాక్టరీ తాలూకు గంధపు సబ్బు. అది అల్లుళ్ళు వచ్చినప్పుడే బయటికి వచ్చేది, వాళ్ళతోపాటే వెనక్కి వెళ్ళేది. మా నాన్న ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా తడిసీ తడవనట్టున్న ఆ ఒక్క సబ్బునే చాలా ఏళ్ళు వాడానని ఇప్పటికీ అంటారు.

ఒంటినిండా చెమటకాయలు లేచిన పిల్లకి మాత్రం అమ్మమ్మ నూనే రాసేది కాదు, పిండీ పెట్టేది కాదు. అది శిక్ష అనుకుని ఏడ్చేవాళ్ళం. చెమట బయటికి వచ్చే సన్నటి దారులు మూసుకుపోతే, లోపల చెమట నిలిచి ఆ పొక్కులు లేస్తాయి. దాని మీద నూనె రాస్తే మూసిన తలుపుకి మేకులు కొట్టినట్టే. రుద్దితే పొక్కులు చితికి పుళ్ళవుతాయి. అంచేత ఆ పిల్లకి వేపాకు వేసి కాచి చల్లార్చిన నీళ్ళు, పల్చటి పాత నూలు గౌను, సాయంత్రం అందరూ ముంజలు తిన్నాక మిగిలిన తొక్కలు. ముంజ తొక్క లోపలివైపు తడిగా చల్లగా ఉంటుంది చూశారూ, దాన్ని వీపుకి మెల్లిగా అద్ది, విసనకర్రతో విసిరేది. ఆ తడి ఆరుతూంటే వేడి దానితోపాటు లేచిపోతుంది. ఆ చల్లదనం ముంజదో, విసనకర్రదో, అమ్మమ్మదో ఆ వయసులో మాకు పట్టలేదు. వీపు తిప్పుకుని నిద్రపోయేవాళ్ళం.

ఇదంతా ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, ఆ పదకొండుమందికీ అన్ని వేసవుల్లోనూ నలుగు పెడుతూ ఆవిడ ఎన్నో మాటలంది. "చలవే", "మురికి పోతుందే", "కదలకు వెధవా", "కళ్ళు మూసుకో". కాని "తెల్లబడతావే" అనడం నాకు జ్ఞాపకం లేదు. అలాగని ఆ రోజుల్లో రంగు పట్టింపు లేదని కాదు. పెళ్ళిచూపుల రాయబారాల్లో "పిల్ల చామనఛాయ" అని ఓ క్షణం ఆగేవారు. ఆ ఆగడం తరవాత వచ్చే మాట కట్నం గురించే అయ్యేది. ఆ చామనఛాయ పిల్లల్లో నేనూ ఒకర్తిని. పట్టింపు ఊరందరికీ ఉంది. అమ్మమ్మ పిండిలో మాత్రం లేదు.

దాన్ని తెచ్చి పిండిలో కలిపింది నేను.

కిందటేడు మే నెలలో మా అమ్మాయి హాస్టలు నించి సెలవలకి వచ్చింది. రైలు దిగి, వీపున సంచీతో, చెమటలు కారుతూ నవ్వుతూ నా వైపు వస్తోంది. అయిదు నెలలయింది పిల్లని చూసి. తిన్నావా, కులాసాయేనా అని అడగొద్దూ? నా నోట్లోంచి వచ్చిన మొదటిమాట, "అదేమిటే, అంత నల్లబడిపోయావు!"

పిల్ల నవ్వు ఆగలేదు గాని కొంచెం చిన్నదయింది. ఆ సంగతి నేను అప్పుడు గమనించలేదు. ఇప్పుడు రాస్తూంటే గుర్తొస్తోంది.

పదిహేను రోజుల్లో మా ఆడపడుచు కూతురి పెళ్ళి, పాలకొల్లులో. చుట్టాలందరూ వస్తారు. చుట్టాలంటే మీకు తెలుసుగా, కళ్ళజోడు లేకపోయినా ఎదటివాళ్ళ పిల్ల రంగు మాత్రం వీధి చివరినించే కనిపిస్తుంది. ఇహ నేను నడుం బిగించాను. రసాయనాలతో నిండిన క్రీములు మాత్రం ముట్టుకోనివ్వను, అమ్మమ్మ పద్ధతే, అచ్చంగా ఇంటి సరుకే అని ప్రతిజ్ఞ చేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఫోనులో ఒక చక్కటి అమ్మాయి, పసుపురంగు చీర కట్టుకుని, "బావంచాలు దండిగా వేసి, నిమ్మరసంతో కలపండి, వారంలో తేడా మీరే చూస్తారు" అని చెప్తే రాసుకున్నాను. ఆ చివరి మాటలో ఎంత నిజం ఉందో తరవాత తెలిసింది. నిజంగానే చూశాను తేడా.

మూలికల కొట్టులో కొన్న బావంచాలు నూరి, అమ్మమ్మ పాళ్ళలో చేసిన పిండిలో కలిపేశాను. మా అత్తయ్యగారు పడక్కుర్చీలోంచి తలెత్తి, "బావంచాలా? వేసవిలోనా?" అన్నారు. ఆవిడకి ఎనభై దాటాయి. ఆవిడ అన్నీ ఇలాగే అంటూంటారు కదా అని వినిపించుకోలేదు.

ఆదివారం పొద్దున్న, నిమ్మకాయలు రెండు పిండి ముద్దగా కలిపి, పిల్లని పీట మీద కూర్చోబెట్టి నా చేతుల్తో నేనే రాశాను. మొహానికి, మెడకి, మోచేతుల దాకా. రాస్తూ ఉపన్యాసం కూడా ఇచ్చాను. "మన ఇంటివైద్యం అంటే తేలిగ్గా చూస్తారు గాని, 1995లో అమెరికాలో పసుపు మీద పేటెంటు ఇచ్చేశారే! మన సి.ఎస్.ఐ.ఆర్. వాళ్ళు, ఇది మా అమ్మమ్మల నాటి సంగతని పాత గ్రంథాలు చూపించి పోరాడితే 1997లో రద్దయింది, తెలుసా?"

"తెలుసమ్మా. అది గాయాలు మానడానికి కదా పేటెంటు. రంగు రావడానిక్కాదుగా" అంది పిల్ల, కళ్ళు మూసుకునే.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అంచేత "మాట్లాడకు, మొహం ముడతలు పడుతుంది" అన్నాను. జవాబు లేనప్పుడు తల్లులు అనే మాటలు కొన్ని ఉంటాయి కదా.

ఇరవై నిముషాలయ్యాక పిల్ల కడుక్కుంది. కడుక్కుని, గుమ్మడి వడియాలు పెడుతున్న మా పనిమనిషికి సాయం చేస్తానని డాబా మీదికి వెళ్ళింది. పదింటికి ఎక్కి, మధ్యాహ్నం భోజనానికి దిగింది. ఆ రోజు ఏమీ లేదు. మర్నాడు కాస్త మంటగా ఉందంది, ఎండ తగిలిందిలే అన్నాను. మూడోరోజు పొద్దున్న లేచేసరికి చెంపలమీదా మెడమీదా ఎర్రటి చారలు. మధ్యాహ్నానికి చిన్న చిన్న బొబ్బలు. మోచెయ్యి మీద చూస్తే నా ప్రాణం పోయింది. నా అయిదు వేళ్ళూ అచ్చుగుద్దినట్టు, నేను రాసినవి రాసినట్టే, ఎర్రగా తేలి ఉన్నాయి. చెయ్యి చేసుకున్న తల్లి గుర్తుల్లాగ.

డాక్టరమ్మ చూసి, "మొహానికి ఏం రాశారండీ?" అంది.

"ఏ కెమికల్సూ రాయలేదండీ! ఇంట్లో చేసిందే!" అన్నాను నేను, అంత భయంలోనూ కాస్త గర్వంగానే.

ఆవిడ ఒక్కొక్కటీ అడిగింది. పెసలు అన్నాను, సరే అంది. వట్టివేళ్ళు, సరే. పసుపు, సరే. బావంచాలు అనగానే కలం ఆపింది. నిమ్మరసం అనగానే నా వైపు చూసింది. "రాసుకుని ఎండలోకి వెళ్ళిందా?" అంది.

అప్పుడు చెప్పింది. బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంటుందిట. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే, ఎండబలం ఎన్నో రెట్లు పెరిగినట్టు చర్మం కాలుతుందిట. నిమ్మతొక్క నూనెలో కూడా ఆ జాతి పదార్థాలే ఉంటాయిట. కాలిన సంగతి వెంటనే తెలియదు, ఒకటి రెండు రోజులు పోయాక బయటపడుతుంది. బొబ్బలు తగ్గినా, ఆ చోట నల్లటి మచ్చ వారాలో నెలలో ఉండిపోతుంది. "ఇంట్లో చేసినదైనా బావంచాల్లో ఉన్నదీ కెమికలేనండీ. ఫ్యాక్టరీ కాకుండా చెట్టు తయారుచేసింది, అంతే తేడా" అంది నెమ్మదిగా.

ఇంటికి బయల్దేరబోతూంటే ఇంకో మాట చెప్పింది. ఆ మాటకే నేను రాత్రంతా నిద్రపోలేదు. "బావంచాలు మీ పాత వైద్యంలో దేనికి వాడేవారో తెలుసా? బొల్లికి. తెల్లబడ్డ చర్మానికి మళ్ళీ రంగు తెప్పించడానికి. ఆ సోరలెన్‌తోనే, కొలిచిన వెలుతురు పెట్టి, మేము కూడా వాడతాం."

చూశారా! తెలుపు రావాలని నా కూతురి మొహానికి నేను రాసింది, నలుపు తెప్పించే మందు. నేనే కనక ఈ సంఘటనని నవలలో రాస్తే, మరీ కల్పనగా ఉందని సంపాదకులు తిప్పి పంపేవారు.

మా అమ్మకి ఫోన్ చేసి ఏడిచాను. అమ్మ అంతా విని, "అమ్మమ్మ వేసవిపిండిలో బావంచాలు వేసేది కాదుగదే! చలికాలం పిండిలో ఏదో వాసనకి చిటికెడు. అదీ రాత్రి నలుగుకే. 'ఎండకీ దానికీ పడదు' అనేది కదా, నువ్వు వినలేదూ?" అంది. వినలేదు. తుంగముస్తెలకి వెళ్ళానో, ముంజలు తింటున్నానో. మా అత్తయ్యగారు అన్నప్పుడైతే నా వయసు నలభై దాటింది, చెవులు బాగానే పని చేస్తున్నాయి. అప్పుడూ వినలేదు.

మామిడికాయ సొన పెదవి మీద పడితే పుండవుతుందని గోదావరి జిల్లాల్లో నాలుగేళ్ళ పిల్లకి కూడా తెలుసు. ముచ్చికకోసి, సొన కారనిచ్చి, కడిగి తింటాం. చెట్టు ఇచ్చినదైనా సొన సొనే అని తెలిసిన మనం, సీసా మీద ఆకు బొమ్మ కనిపిస్తే చాలు, వివేకం గట్టు మీద పెట్టేస్తాం.

పెళ్ళి వచ్చింది. బొబ్బలు తగ్గాయి, గోధుమరంగు చారలు మిగిలాయి. పౌడరు రాస్తానంటే వద్దంది. "అలాగే వస్తానమ్మా" అంది. పాలకొల్లులో వీధి అరుగు ఎక్కీ ఎక్కకముందే ఒక పెద్దావిడ, "ఇదేమిటమ్మా, మొహాన ఆ మచ్చలు?" అని అడగనే అడిగింది. నేను నేలలోకి కుంగిపోయాను. పిల్ల మాత్రం తొణక్కుండా, "తెల్లబడ్డానికి మా అమ్మ మందు రాసిందండీ" అంది. ఆవిడ నోరు మూసుకుని లోపలికి వెళ్ళింది. ఆ మాట ఆవిడకి తగిలిందో లేదో, నాకు మాత్రం తగలవలసిన చోటే తగిలింది.

తిరుగు ప్రయాణంలో కారులో, కిటికీలోంచి బయటికి చూస్తూ, మామూలుగా అడిగినట్టే అడిగింది. "అమ్మా, నీ నవలల్లో ఒక్క నల్లపిల్లకైనా పెళ్ళయిందా?"

మావారు గట్టిగా నవ్వేశారు. నేనూ నవ్వాను. నవ్వి, ఇంటికి వచ్చి, రాత్రి అందరూ పడుకున్నాక బీరువా తెరిచి నా పుస్తకాలన్నీ నేల మీద పరుచుకుని కూర్చున్నాను. మొదటి నవల నాయికది పసిమిఛాయ. రెండోదానిది బంగారు మేనిఛాయ. మూడోది వెన్నెల్లో కలిసిపోయింది. నాలుగోదాన్ని చేమంతి అన్నాను, అయిదోదాన్ని మొగలిరేకు అన్నాను. ఒక నవలలో చామనఛాయ అమ్మాయి ఉంది, లేకపోలేదు. నాయిక స్నేహితురాలు. తెలివైనది, మంచిది, నాయిక ఉత్తరాలు అందించింది, అపార్థాలు తొలగించింది, చివరి ప్రకరణంలో పందిట్లో నిలబడి ఆనందబాష్పాలు రాల్చింది. ఆ పిల్లకి పెళ్ళి చెయ్యడం నేను మరిచిపోయాను. పెళ్ళి సంగతి అలా ఉంచండి, ఆ తరవాత ఆ పిల్ల ఏమైందో కూడా రాయలేదు.

చామనఛాయ దాన్నై ఉండి నేనెందుకిలా రాశాను? ఎవరూ బలవంతపెట్టలేదు. ఈ తెలుపు పిచ్చి మీద కోట్ల వ్యాపారం నడుస్తోందని సభల్లో మాట్లాడిన మనిషిని కూడా నేనే. 1975లో మన దేశంలో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ అనే క్రీము, 2020లో పేరులోంచి ఆ "ఫెయిర్" తీసేసి "గ్లో" అని పెట్టుకుంది. డబ్బా మీంచి ఆ మాట పోయింది. రైలు దిగిన పిల్లని చూసిన తల్లి నోట్లోంచి పోలేదు.

ఇంత జరిగాక ఇంట్లో సున్నిపిండి మానేశామా అంటే, లేదు. ఈ వేసవికి మళ్ళీ చేశాం. ఈసారి అజమాయిషీ మా అమ్మాయిది, సలహాదారు అత్తయ్యగారు, పనిమనిషిని నేను. అత్తయ్యగారు చెప్పిన ప్రతి మాటా పిల్ల ఒక కాగితం మీద రాసుకుంది. ఎవరికైనా పనికొస్తుందేమో, మీకూ చెప్తాను. పెసలు, సెనగపప్పు, బియ్యం, వట్టివేళ్ళు, తుంగముస్తెలు, కచ్చూరాలు, గులాబి రేకులు. బావంచాలు లేవు, నిమ్మా లేదు. పసుపు పొడి కొనకుండా కొమ్ములు కొని మరపట్టించాం, ఎందుకంటే పొడిలో కల్తీరంగులు కలిపే ప్రబుద్ధులున్నారు. దుగ్గిరాల కొమ్ములు విరిస్తే లోపలి రంగే చెప్తుంది అసలు సంగతి. వస్త్రకాళితం తప్పనిసరి. తడి చెయ్యి డబ్బాలో పెట్టకూడదు, పిండి బూజు పడుతుంది. పురుగు పడితే పారెయ్యాలే గాని, "ఒంటికే కదా" అనకూడదు. కొత్తగా వాడేవాళ్ళు ముందు మోచేతి లోపలివైపు కాస్త రాసి రెండు రోజులు ఆగాలి. చెమటకాయలున్నప్పుడు, పుండున్నప్పుడు అసలే వద్దు. రాయడం సాయంత్రం పూట, పొద్దు వాలాక. రాసుకుని డాబా ఎక్కకూడదు. ఈ చివరి వాక్యం కింద పిల్ల రెండు గీతలు గీసింది.

2015 వేసవిలో మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా వడదెబ్బకి పోయారు. అలాటి ఎండలు ఇప్పుడు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. ఎండకి పిల్ల నల్లబడుతుందని బెంగ పెట్టుకునే తల్లులం, ఎండకి పిల్ల ఏమవుతుందో అని పెట్టుకోవలసిన బెంగ మరిచిపోతున్నాం. పదింటినించి రెండింటిదాకా డాబా మీద కూర్చున్న పిల్లని, రంగు సంగతి దేవుడెరుగు, గొడుగేసుకోవే, మజ్జిగ తాగవే అని పిలవనైనా పిలవలేదు నేను.

మొన్న సాయంత్రం కరెంటు పోయింది. వెనక వసారాలో కూర్చున్నాం. లంకల వైపు నించి వచ్చిన ముంజలవాడు, "లేతవండమ్మా, ఇప్పుడే దింపానండి" అని గెలలు దింపి వెళ్ళాడు. తిన్నాం. నా వీపు నిండా చెమటకాయలు. పిల్ల ఏమీ అడక్కుండా నా వెనక్కి వచ్చి కూర్చుని, ముంజతొక్కలు ఒక్కొక్కటే అద్ది విసనకర్రతో విసరడం మొదలుపెట్టింది. దాని మోచేతి మీద నా వేళ్ళ గుర్తులు ఇప్పుడు దాదాపు కనిపించవు. ఎక్కడున్నాయో నాకు తెలుసు కనక నాకు కనిపిస్తాయి.

"కొత్త నవల మొదలెట్టావటగా. నాయిక ఏ రంగు?" అంది వెనకనించి.

"నీ రంగే."

"మళ్ళీ స్నేహితురాలేనా?"

"కాదు. కథంతా దానిదే."

"సరే అయితే, కదలకు" అంది, అచ్చం మా అమ్మమ్మ గొంతుతో.

సున్నిపిండి సీసా ఇప్పుడు మా స్నానాలగది గూట్లో ఉంది. దాని మీద మా అమ్మాయి కాగితం అతికించి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: "ఎండాకాలం పిండి. చలవకి మాత్రమే."